మా పాప వదిలేసిన ప్రశ్నలు

బళేపేటలో మా నాయన గాజుల అంగడిలో ‘లేదు’ అన్న మాట వినపడదు. అడిగిన రంగు లేకపోతే దగ్గరి రంగు చూపిస్తాం, అదీ నచ్చకపోతే ‘రేపొస్తాదమ్మా’ అంటాం. వచ్చినవాళ్లు ఉత్తచేతులతో వెళ్లిపోతే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. నా కూతురు ఆ అంగడిలో ఆయన పక్కన కూర్చునే అక్షరాలు దిద్దుకుంది.

అది ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష కోసం కోచింగులో చేరాక, ఆదివారం మాక్ టెస్టుల్లో మార్కులు వారం వారం దిగజారాయి. తిండి ధ్యాస కూడా లేకుండా చదివే పిల్ల! చివరికి అక్కడి సారు నన్ను పిలిపించి, వచ్చే టెస్టులోనూ ఇంతే అయితే కింది బ్యాచికి మార్చేస్తామన్నాడు. అంటే, పెద్ద కాలేజీల మీద ఆశ వదులుకోమని. నాకు ఒళ్లు మండింది. ఇంటికి రాగానే దాని పేపరు ముందేసుకుని కూర్చున్నాను.

సరైన జవాబుకు నాలుగు మార్కులు. తప్పు రాస్తే ఒక మార్కు కోత. వదిలేస్తే వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. బాగా తెలిసి రాసినవాటికి టిక్కు పెట్టమన్నాను. టిక్కు పెట్టినవాటిలో చాలావరకు సరైనవే, అక్కడక్కడా తొందరలో చేసిన పొరపాట్లు. టిక్కు లేనివన్నీ దాదాపు తప్పులే. సగం తెలిసినవాళ్లు ఎక్కడ బోల్తా పడతారో చూసి, పేపరు తయారుచేసేవాళ్లు ఆ తప్పునే ఒక జవాబుగా పెడతారు. మా పిల్ల ప్రతిసారీ బుద్ధిగా దాన్నే పట్టుకుంది. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా లేదు.

“రానివి ఎందుకే గీకినావు?”

“ఖాళీగా పెడితే, లేదు అని చెప్పినట్ల ఉంటాది కదమ్మా!”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను చెప్తే వినే రకం కాదు. నేరుగా మా నాయన దగ్గరికి తీసుకుపోయి, మార్కులు ఎలా వేస్తారో ఆయనకు చెప్పాను. ఆయన మూతి ముడుచుకుని కాసేపు గాజుల పెట్టెలు సర్దాడు.

“అంటే, లేదన్నోళ్లకు ఏమీ పోదు. లేంది ఉండాదని చెప్పినోళ్లకే కోతనా?”

“అంతే నాయనా.”

“సరిగ్గానే ఉండాది కదే!” అని మనవరాలి వైపు తిరిగాడు. “అంగడిలో అయితే మనిషి తిరిగిపోతాడు. ఆడ తిరిగిపోయేది ఎవురు తల్లీ? రానివి వదిలేసి రాపో.”

తాత మాట దానికి వేదం. ఆ ఆదివారం రానివాటిని వదిలేసి, మిగిలిన సమయమంతా తెలిసినవాటి మీద పెట్టింది. మర్నాడు సాయంత్రం అంగడిలో ఉండగానే ఫోనులో మార్కులు వచ్చాయి. అది అరిచిన అరుపుకు గాజులు వేయించుకుంటున్నావిడ ఉలిక్కిపడింది. కింది బ్యాచి ఊసే లేదు, ఉన్న బ్యాచిలోనే ముందు వరసకు చేరింది! నేను పనిగట్టుకుని ఆ సారుకు ఫోను చేసి, “ఏ బ్యాచికి పంపమంటారు సార్?” అని అడిగాను. తెలియక కాదు.

మా నాయన మైసూరు పాకు తెప్పించి వీధిలో అందరికీ పంచాడు. ఎదురంగడి ఆయన తీపి నోట్లో వేసుకుంటూ, “మార్కులు ఎన్నొచ్చినాయప్పా?” అని అడిగాడు.

మా నాయన రొమ్ము విరుచుకున్నాడు.

“మార్కులదేముందప్పా! ఎన్ని వదిలేసి వచ్చిందో అది అడుగు!”