బండి కింద ఇసుక

హైటెక్ సిటీ ఇంకా లేస్తున్న రోజులు. నేను కొన్న పాత బైకు ఇంజిన్ నుంచి ఆయిల్ కారేది. మా సైటు ముందు పడే ఆ మరక మీద వాచ్‌మన్ రోజూ గుప్పెడు ఇసుక చల్లేవాడు.

"జర మెకానిక్‌కు సూపియ్యి సారూ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. నేనే స్పానర్ తెచ్చి బోల్టులన్నీ బిగించాను. వారం తర్వాత బండి కింద ఒక్క చుక్క కూడా పడలేదు.

"చూశావా? ఇక నీ ఇసుక అక్కర్లేదు" అన్నాను.

ఆ సాయంత్రమే బోరబండ దగ్గర ఇంజిన్ పట్టేసి బండి ఆగిపోయింది. మెకానిక్ విప్పి చూశాడు.

"లీకేజీ బంద్ కాలే సార్. కారెతందుకు లోపల ఆయిలే లేదు."

మర్నాడు నడుచుకుంటూ సైటుకు వెళ్లాను. బండి ఏదని వాచ్‌మన్ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.