గడ్డి కింద పూడ్చిన స్ప్రింక్లర్లు

మేస్త్రి కింద కూలికి పోయి పోయి నాకు యాష్టకొచ్చింది. పని మాది, పేరు ఆయనది. అందుకే అచ్చంపేట దిక్కు కొత్తగ కట్టిన గెస్ట్ హౌస్ ముంగట గడ్డి పరిచే పనికి మేస్త్రి లేకుండనే పోయిన. "మేం ఎనిమిది మంది ఆడోళ్లం. పని గుత్తకు మాకే ఇయ్యుండ్రి" అని ఇంజనీరు సారును అడిగిన. ఆయన నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. "సరే, ఈ జాగా చేసి చూపియ్యుండ్రి. బాగుంటే వెనక తోటంత మీదే. చెడగొడితే మేస్త్రిని పిలుస్త" అన్నడు.

మట్టితో సహా పలకలు పలకలుగ కోసిన గడ్డి లారీల వచ్చింది. ఒకదానికొకటి ఆనిచ్చి, సందు లేకుండ పరిచి, పైపుతోని తడిపినం. మా అత్త చీర చెంగు నడుముకు దోపుకొని పలక పలకను కాళ్లతోని తొక్కింది. రెండు దినాలల్ల ఎర్రమట్టి జాగా పచ్చగైంది. ఇగ నా సంబురం చెప్పతరం కాదు.

మూడోనాడు పొద్దుగాల సారు వచ్చి, "స్ప్రింక్లర్లు ఏవి?" అన్నడు.

"ఏ స్ప్రింక్లర్లు సారూ? మాకు కనవడలే" అన్న.

మా పల్లి చేన్లల్ల స్ప్రింక్లరంటే నడుమెత్తు పైపు మీద నిలవడి తిరుగుతది. ఇక్కడివి భూమిలనే ఉంటయంట, నీళ్లొస్తే మీదికి లేస్తయంట. నేలకు సమానంగ ఉన్న నల్ల మూతలను చూసి, పైపులకు బిరడాలు పెట్టిన్రనుకొని, మట్టి కప్పి మీద గడ్డి పరిచినం. ఒకటి గాదు, పన్నెండు. సారు మొఖం మాడిపోయింది. "గడ్డంత లేపుండ్రి. నేను ముందే అనుకున్న" అని మేస్త్రికి చేద్దామని ఫోన్ తీసిండు.

గా మాటకు నాకు కోపమొచ్చింది. ఏడుపు గూడ వచ్చింది గని ఆపుకున్న. "ఒక్క గడియ ఆగుండ్రి సారూ. నీళ్లు ఇడువుండ్రి" అన్న. చేన్ల భూమి కింద పైపు పలిగితే మేం చేనంత తవ్వుకుంట పోతమా? నీళ్లిడిచి చూస్తం. ఎక్కడ ఉబ్బితే అక్కడ తవ్వుతం.

మోటరు ఏసిన్రు. ఎనిమిది మందిమి చెప్పులిడిచి వరుసగ నిలవడ్డం. జరసేపటికి మా అత్త కాలికాడ గడ్డి పూరీ పొంగినట్టు పొంగింది. నేను ఉరికి కొడవలితోని గుండ్రంగ కోసి మట్టి తీసిన. సర్రున నీళ్లు లేసి మా అత్త మొఖం మీదనే కొట్టినయి. ఆడోళ్లు పడి పడి నవ్విన్రు.

ఒకటెనుక ఒకటి పదకొండు దొరికినయి. పన్నెండోది దొరకలే. సారు ఫోన్ ఇంక చేతులనే ఉంది. అటు నడిచినం, ఇటు నడిచినం. అప్పుడు చూసిన, సారు బూట్ల చుట్టు నీళ్లు ఊరుతున్నయి.

"సారూ, జర పక్కకు జరుగుండ్రి" అన్న.

ఆయన జరిగిండు. గడ్డి ఉబ్బింది. కోసిన. పన్నెండు ఒక్కసారే తిరిగినయి. తడిసిన కోళ్ల లెక్క నిలవడ్డం గని ఎవ్వరం కదలలే. గంత సంబురం నాకు మళ్ల ఎన్నడు కాలే.

సారు ఫోన్ జేబుల పెట్టుకున్నడు. "వెనక తోటకు గడ్డి రేపొస్తది. దించుకునేటోళ్లు సంతకం పెట్టాలె. మీల మేస్త్రి ఎవరు?" అని అడిగిండు.

ఏడుగురు నా దిక్కు చూసిన్రు.

"నేనే సారూ" అన్న.