సార్జెంట్ గారి భర్తకు శాలువా

అమెరికాలో మా ఊరు ఇర్వింగ్‌లో స్కూల్ బస్సుల షెడ్డు ఒకటుంది. అక్కడి మెకానిక్కులందరికీ పెద్ద మా చాముండేశ్వరి. తెనాలి మనిషి, నలభై ఏళ్లుంటాయి. గోళ్ల కింద గ్రీజు ఎంత తోమినా పోదు. మొదటిసారి పరిచయమైనప్పుడు చెయ్యి కలిపితే, నేను వెంటనే నా చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను. ఆవిడ చూసింది.

"సబ్బు లోపలుంది భాస్కర్ గారూ," అంది మామూలుగా.

నా మీద నాకు ఆ రోజు కలిగిన అసహ్యం ఇంకా పూర్తిగా పోలేదు. పోయేలోగా, ప్రతి కార్యక్రమానికీ నేను మైకు పట్టుకునే మా తెలుగు సంఘం ఇంకొంత సమకూర్చింది.

ఆవిడ ఎమ్మెస్ చదవడానికి వచ్చింది. అప్పట్లో కొన్ని భాషలు తెలిసిన పరాయి దేశస్థుల్ని అమెరికా సైన్యంలో చేర్చుకునేవారు. చేరింది. కువైట్ ఇసుకలో ట్రక్కుల కింద పడుకుని ఇంజన్లు విప్పింది. ఆరేళ్లు చేసి సార్జెంట్‌గా బయటికొచ్చింది. పౌరసత్వం ఆ యూనిఫాంతోనే వచ్చింది. భర్త ఆంజనేయప్రసాద్‌కి హెచ్‌వన్ వీసా బెంగ తీరిందీ దానివల్లే. ఆయన మాత్రం పార్టీల్లో "మా మిసెస్ ట్రాన్స్‌పోర్ట్ సైడ్ అండీ" అని తేల్చేసి, ఇంకో బజ్జీ అందుకునేవాడు.

నవంబరు పదకొండు ఇక్కడ వెటరన్స్ డే. మొదటి ప్రపంచ యుద్ధంలో పదకొండో నెల, పదకొండో తారీఖు, పదకొండు గంటలకు తుపాకులు ఆగాయి. చాలాకాలం దాన్ని యుద్ధం ఆగిన రోజుగానే జరుపుకున్నారు. 1954లో పేరు మార్చి, సైన్యంలో పనిచేసిన వాళ్లందరి రోజుగా చేశారు. యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకోవడానికి మే నెలలో వేరే రోజుంది. ఇది ముఖ్యంగా బతికున్నవాళ్లకు కృతజ్ఞత చెప్పే రోజు. ఇప్పుడు పరుపుల మీద నలభై శాతం తగ్గింపు ఇచ్చే రోజు కూడా. మా సంఘంలో దానికి ఆపాటి విలువ కూడా లేదు. కార్తీక వనభోజనాల్లో పులిహోరకీ తంబోలాకీ మధ్య పది నిమిషాలు.

"అన్నా, ఈసారి ఒక వెటరన్‌ని ఫెలిసిటేట్ చేద్దాం. సిటీ కౌన్సిల్ మెంబర్ వస్తున్నడు, ఫొటో మంచిగుంటది," అన్నాడు ప్రెసిడెంట్ తేజేశ్వర్.

వెళ్లి పిలిస్తే చాముండేశ్వరి రానంది. "చేతిలో పులిహోర ప్లేట్లుంటే చప్పట్లెలా కొడతారండీ?" అంది. మర్నాడు తనే ఫోన్ చేసింది.

"వస్తాను. పదకొండో తారీఖు మంగళవారం మా అమ్మాయి హాసిని స్కూల్లో వెటరన్స్‌ని పిలుస్తున్నారు. ఇంట్లో ఎవరైనా ఉంటే పేరు రాసి సోమవారంలోగా ఇవ్వమని స్లిప్ ఇచ్చారు. పిల్ల దాన్ని ఖాళీగానే బ్యాగులో పెట్టుకు తిరుగుతోంది."

"రాయమని చెప్పకపోయారా?"

"మన తెలుగు పిల్లలే నవ్వారంట. చీర కట్టుకునే ఆంటీ సోల్జరేంటి అని. నేను అడగను. నా పేరు మైకులో ఒక్కసారి వింటే, అదే రాస్తుందేమో చూద్దాం."

"మైకు నాదేనండీ. మీరు నిశ్చింతగా రండి," అన్నాను.

చెక్క మెమెంటో మీద పేరు కోసం తేజేశ్వర్‌కి నేను పంపిన మెసేజ్ ఇది: "చాముండేశ్వరి గారు, ఆంజనేయప్రసాద్ ఫ్యామిలీ, ఆర్మీ." చెక్కించింది తేజేశ్వర్ వాళ్లయినా, తయారైనది తెరిచి చూడాల్సింది నేను. చూడలేదు.

ఆదివారం వనభోజనాల పార్కులో చిన్న స్టేజీ మీద భార్యాభర్తలకి రెండు కుర్చీలు వేశారు. పదకొండేళ్ల హాసిని మూడో చాప మీద కూర్చుంది. నేను మైకు పట్టుకుని, మెమెంటో మీదున్నది ఉన్నట్టు చదివేశాను. "శ్రీ ఆంజనేయప్రసాద్ దంపతులు." చదివాక గానీ ఏం చదివానో తెలియలేదు. అప్పటికే తేజేశ్వర్ శాలువా తీసుకెళ్లి ఆంజనేయప్రసాద్‌కి కప్పాడు. తేజేశ్వర్ భార్య రాగిణి పళ్లెంతో వచ్చి సార్జెంట్ గారికి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్కా రెండు అరటిపళ్లూ చేతిలో పెట్టింది.

ఆయన లేచి, ఇది తన భార్యకని చెబుతాడనుకున్నాను. లేచాడు. శాలువా భుజం మీద సర్దుకున్నాడు. "ఈ కంట్రీ మనకి ఎంతో ఇచ్చింది. మనం కూడా గివ్ బ్యాక్ చేయాలి," అన్నాడు. మైకు నా చేతిలోనే ఉంది. ఒక్క మాట చాలు. అందరి ముందు తప్పు ఒప్పుకోవాలి కదా, మైకు రెండో చేతిలోకి మార్చుకున్నానంతే.

చాముండేశ్వరి నా వంక చూడలేదు. మూడో చాప వైపు చూస్తోంది.

హాసిని లేచి స్టేజీ ఎక్కింది. నా పక్కకొచ్చి నిలబడింది.

"డాడీ, అది మమ్మీది."

"ఇద్దరికీ కలిపి నాన్నా. వెళ్లి కూర్చో."

"నువ్వు ఆర్మీలో లేవు కదా. మమ్మీ ఉంది. సార్జెంట్ చాముండేశ్వరి."

నేను అప్పటికే మైకు కిందికి దించి పట్టుకుని ఉన్నాను. అది సరిగ్గా పిల్ల నోటి దగ్గరుంది. పార్కంతా వినపడింది.

"అన్నా, మైక్ బంద్ చెయ్," అన్నాడు తేజేశ్వర్ పళ్ల సందు నుంచి.

చెయ్యలేదు. నేను సైన్యానికి చేసిన సేవ అదొక్కటే.

నాలుగైదు చప్పట్లు వినపడ్డాయి. తక్కినవాళ్లు తంబోలా టికెట్ల వరసలోకి పోయారు. తెలుగు రాని కౌన్సిల్ మెంబర్ చక్కగా నవ్వి, శాలువా ఎవరి మీదుంటే వాళ్లతో ఫొటో దిగాడు. సాయంత్రానికల్లా అది సంఘం గ్రూపులో "మన వెటరన్" అని వచ్చింది. కింద అరవై మూడు దండం బొమ్మలు.

చాముండేశ్వరి పులిహోర గిన్నె కడుగుతుంటే వెళ్లాను.

"తప్పు నాదేనండీ. మెమెంటో మార్పిస్తాను."

"వద్దులెండి. చెక్క గట్టిది. షెడ్డు తలుపు ఊరికే మూసుకుపోతోంది, అడ్డం పెట్టుకుంటాను."

సోమవారం పొద్దున నా ఫోన్‌కి స్లిప్ ఫొటో పంపింది. పేరు దగ్గర పెన్సిల్‌తో సార్జెంట్ చాముండేశ్వరి అని ఉంది. కింద, వెటరన్‌తో పాటు ఇంకెవరైనా వస్తున్నారా అన్న ప్రశ్నకి హాసిని "నో" అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

ఆంజనేయప్రసాద్ మంగళవారానికి లీవు పెట్టేశాడు పాపం. శాలువా కూడా ఇస్త్రీ చేసుకున్నాడట.