చల్లబడిన తొట్టి

ఆబిడ్స్ చౌరస్తాలో బస్సు తలుపు ‘స్‌స్స్’ మని గాలి వదిలితే ఇప్పటికీ నా కుడి చెయ్యి దానంతటదే జేబులో దూరుతుంది. జేబుదొంగల భయమనుకుంటారు చూసేవాళ్లు. పర్సు కోసం కాదు, చెయ్యి కోసమే దాస్తాను. ఆ భయం నాకు యాదగిరి గారు పెట్టిన భిక్ష.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, చిత్తుకాగితాన్ని అదిమి కట్టలు చేసే కార్ఖానాకు ఆయన మేస్త్రీ. నేను కొత్త ఇంజనీరును. చేతులతో చేసేది తక్కువ, చేతులూపి చెప్పేది ఎక్కువ. అక్కడి హైడ్రాలిక్ ప్రెస్సు కట్టను అదిమిపట్టినంతసేపూ మోటారు తిరుగుతూనే ఉండేది. సిలిండరుకు అక్కర్లేని నూనె వాల్వు గుండా తొట్టిలోకి తిరిగొచ్చి ఊరికే కాగేది. యాదగిరి గారు రోజూ తొట్టికి ఎడమచేతి వెనకవైపు ఆనించి, “కరెంటంత గీడనే కాగుతున్నది సారూ,” అనేవారు. అందరూ అరచేత్తో చూస్తారు కదా, ఈయనదేం పద్ధతో అనుకునేవాణ్ని.

నూనెను ఒత్తిడితో నిలవ ఉంచే ఉక్కు బుడ్డి ఒకటి బిగించాను. ఇక మోటారు ఆగినా కట్టమీద పట్టు సడలదు. వారంలో తొట్టి చల్లబడింది. నేను మాత్రం ఉబ్బిపోయాను.

“సల్లగున్నది, మంచిగ చేసిన్రు. మరి గా జోరంత ఏడికి పోయింది?” అన్నారాయన.

“బుడ్డిలో ఉందండీ.”

“గది యాద్ పెట్టుకోండ్రి.”

పెట్టుకోలేదు. మర్నాడు గొట్టం అతుకు దగ్గర నూనె చెమ్మ కనిపించింది. మోటారు ఆపి, ఎక్కడ కారుతోందో చూద్దామని వేలు చాపాను. నా మణికట్టు మీద యాదగిరి గారి పట్టు పడింది.

“ఏంది సారూ గది?”

“మోటారు ఆపేశానండీ.”

“మోటర్ పండుకున్నది. నూనె పండుకున్నదా? ముల్లు సూడుండ్రి.”

ఒత్తిడి చూపే ముల్లు నిటారుగా నిలబడే ఉంది. ఆయన కర్ర చివర అట్టముక్క గుచ్చి ఆ అతుకు దగ్గర పెట్టారు. చప్పుడు లేదు. కంటికి ఆనని నూనె ధారకు అట్టలో సూదిబెజ్జం పడింది. నా వేలు ఉండాల్సిన చోటు అది. ఆయన బుడ్డి వాల్వు తిప్పితే నూనె ‘స్‌స్స్’ మంటూ తొట్టిలోకి దిగింది. ముల్లు పడుకుంది.

అప్పుడు తన ఎడమ అరచెయ్యి విప్పారు. మణికట్టు నుంచి వేళ్లదాకా కోసి కుట్టిన మచ్చ.

“పాత కార్ఖానాల గిట్లనే సూది గుచ్చినట్టయింది. నొప్పి గూడ లేకుండె. తుడుసుకొని చాయ్ తాగిన. జర సేపటికి చెయ్యంత ఉబ్బింది. దవాఖానల కోసి నూనె తీసిన్రు. గీ దిక్కు ఇప్పటికి వేడి తెల్వది సారూ, గందుకే ఎనకదిక్కు పెడత. మీ చేతికింక రెండు దిక్కులున్నయ్. కాపాడుకోండ్రి.”

యాదగిరి గారు ఇప్పుడు లేరు. నేను బిగించే ప్రతి ప్రెస్సుకూ, మెయిన్ స్విచ్ ఆపగానే బుడ్డి తనంతట తానే ఖాళీ అయ్యే వాల్వు పెడతాను. అయినా ముల్లు సున్నా దగ్గర పడుకున్నా నమ్మను. మణికట్టు మీద ఆ పట్టు తెలుస్తుంది. అది వదిలేదాకా ఆగుతాను. ఆ తర్వాతే ముట్టుకుంటాను, అదీ చేతి వెనకవైపుతో.