వెనక సీటు లేని సవారీ

టేకుమట్లకు కాస్త దూరంలో మా ఊరు, ఊరికి కాస్త దూరంలో మా పొలం, మధ్యలో వాగు. పెళ్లయిన నాటి నుంచి నా భార్య ఆ పొలానికి నా బండి వెనక కూర్చునే వచ్చింది. కాళ్లు రెండూ ఒక పక్కకు వేసి, కుడి చెయ్యి నా భుజం మీద పెట్టి, ఎడమ చేత్తో ఒళ్లో సద్దిగిన్నె పట్టుకునేది. మాకు పిల్లలు లేరు. బండి మీద ఎప్పుడూ మేమిద్దరమే. ఇన్నేళ్లలో బండ్లు మార్చాను గాని, నా భుజం మీద ఆ చెయ్యి ఉండే చోటు మారలేదు.

కిడ్నీలు పాడై ఆమె వరంగల్ దవాఖానలో పోయింది. ఆ రోజుల గురించి ఇక్కడ చెప్పను, చెప్పడం నాకు చేతకాదు. బండి గురించి చెబుతాను.

పొద్దున నేను ఇంటి ముందు బండి స్టార్ట్ చేసి కూర్చుంటే, ఆమె గేటుకు గొళ్లెం పెట్టి వచ్చి ఎక్కేది. వెనక కొంచెం కుంగితే ఆమె కూర్చుందని తెలిసేది, అప్పుడు గేరు వేసేవాణ్ణి. ఆమె పోయాక కూడా అలాగే ఆగేవాణ్ణి. అలవాటు, ఏం చేస్తాం. కాసేపు ఆగి, నన్ను నేను తిట్టుకుని బయలుదేరేవాణ్ణి. ఒక పొద్దున అలా ఆగి ఉండగా బండి కుంగింది.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. గేరు వేసి పోయాను. మర్నాడూ కుంగింది. ఆ మర్నాడు బండిని భూపాలపల్లిలో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి, వెనక షాక్‌లు పోయినట్టున్నాయి చూడమన్నాను. అతను సీటు మీద రెండు చేతులతో అదిమి చూసి, "షాక్‌లు మంచిగనే ఉన్నయ్ బాపూ, కొత్తయి లెక్కున్నయ్. నీ పరేషాన్ ఏందో నాకైతె సమజైతలేదు" అన్నాడు. నా పరేషాన్ ఏమిటో అతనికి చెప్పలేక, చైన్‌కు నూనె వేయించుకుని వచ్చాను.

వాగు దిగేటప్పుడు "గట్టిగ పట్టుకో" అని పైకే అనేవాణ్ణి. భుజం మీద పట్టు బిగిసేది. నీళ్లు ఎక్కువున్న రోజు ఆమె చీర కుచ్చిళ్లు తడుస్తాయని చుట్టుదారిన పోయేవాణ్ణి. బండికి అద్దాలు తీయించేశాను. పోలీసు ఆపి అద్దాలేవని అడిగితే విరిగిపోయాయని చెప్పాను. నాకు దయ్యాల భయం లేదు. అయినా ఆమెకు నేనెందుకు భయపడాలి? నా భయమల్లా ఎప్పుడో పొరపాటున తిరిగి చూస్తానేమోనని. చూస్తే ఆ సీటు మీద ఎవరూ ఉండరని నాకు తెలుసు.

అలాగే ఎన్నాళ్లు సాగేదో గాని, ఒక సాయంత్రం పొలం నుంచి ఇంటికి వచ్చి గేటు ముందు ఆగాక, బయలుదేరేటప్పుడు బండి కుంగలేదని గుర్తొచ్చింది. మసక చీకట్లో ఆమెను ఒక్కదాన్నే పొలంలో వదిలేసి వచ్చాననుకున్నాను. బండి తిప్పుకుని మళ్లీ వాగు దాటి పోయి, గట్టు దగ్గర ఆపి, కుంగేదాకా కూర్చున్నాను. కుంగింది. ఇద్దరం ఇంటికొచ్చాం. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, ఇట్లాగే ఉంటే పిచ్చివాణ్ణి అయిపోతాను అనుకున్నాను. తెల్లారి బండిని కొట్టంలో పెట్టి, మీద టార్పాలిన్ కప్పేశాను.

మరి పొలానికి పోవాలి కదా. నడుద్దామంటే మోకాళ్లు సహకరించవు. సైకిలుకు క్యారియర్ ఉంది. ట్రాక్టరుకు మడ్‌గార్డు ఉంది, కలుపుకు పోయే రోజుల్లో ఆమె దాని మీద కూర్చునేది. ఆటో వాగు దాటదు. మన దగ్గర ఏ బండి చూసినా రెండో మనిషికి చోటు పెట్టే చేస్తారు. ఇది నాకు అంతకు ముందు ఎప్పుడూ తట్టలేదు.

అట్లాంటి రోజుల్లో మహదేవపూర్ వైపు చుట్టాల ఇంటికి బస్సులో పోతున్నాను. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది, బస్సు ఆగింది. మహారాష్ట్ర నుంచి మేపుకు వచ్చే కాపరులు వాళ్లు. మంద వెనక పొట్టి గుర్రం మీద ఒక పెద్ద మనిషి పోతున్నాడు. నా అంత మనిషే, పొట్ట కూడా నా అంతే. కాళ్లు నేలకు దగ్గరగా వేలాడుతున్నా గుర్రం చీమ కుట్టినట్టయినా లేకుండా నడుస్తోంది. అతని వెనక తోక తప్ప ఏమీ లేదు. అది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండే మా అక్కకు ఫోన్ చేసి చెబితే ఒంటికాలి మీద లేచింది. అక్క నాకంటే చాలా పెద్దది. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని తిప్పింది కాబట్టి ఇప్పటికీ తిట్టే హక్కు ఉందనుకుంటుంది.

"ఏంది తమ్మీ, గుర్రమా? గుర్రమెవరు ఎక్కుతరు, పెండ్లికొడుకులు ఎక్కుతరు. ఊరోళ్లు నవ్వరా?"

"నవ్వనియ్."

"కిందపడి నడుమిరిగితె నీకు ఎవలు చేస్తరు? మంచిగున్న బండికి ఏమైంది?"

బండికి ఏమైందో చెప్పలేదు. పెట్రోలు దండగ అన్నాను. నేను అట్లాంటి లెక్కలు వేసే మనిషిని కానని అక్కకు తెలుసు. అయినా ఇంకేమీ అడగకుండా, "ఒక్కనివి పోకు, నేను గూడ వస్త" అంది.

జనగామలో నాకు తెలిసిన పశువుల డాక్టరు ఉన్నాడు, రిటైరై ఇంటి పట్టునే ఉంటున్నాడు. కిరాయి కారు మాట్లాడుకుని ముందు అక్కడికే పోయాం. ఆయన నా గుర్రం మాట విని నవ్వలేదు. అది నాకు నచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, ఇలాంటి ప్రశ్న కోసమే రిటైరైనట్టు మొదలుపెట్టాడు.

"ఎత్తు జూసి మోసపోకే అన్నా. గుర్రం బరువు మోసేది ఎముకతోని. మోకాలి కింద ఎముక లావుగ ఉండాలె, నడుము పొట్టిగ, ఎడల్పుగ ఉండాలె. గిట్టలు గట్టిగుండాలె. నువ్వూ జీనూ కలిసి గుర్రం బరువుల ఐదో వంతు దాటొద్దు. మార్వాడీది ఎత్తుంటది, సూడ సక్కగుంటది గని ఉలికిపాటు ఎక్కువ, నీ వయసుకు వద్దు. స్పితిది చలిదేశపు గుర్రం, మన ఎండకు ఆగది. మణిపురిది మంచి బలమైనదే, అంత దూరం నుంచి ఎట్ల తెస్తవ్?"

"మరి నాకు ఏది?"

"భీంతడి. దక్కన్ గుర్రమంటరు. పుణె దిక్కు గొర్లకాపరులు గుడారాలు, గిన్నెలు, కోళ్లు, పిల్లలు, అన్నీ దాని మీదనే ఏసుకొని తిరుగుతరు. మన ఎండ, మన రాళ్లు, ఇంత ఎండుగడ్డి, గంతే దానికి కావల్సింది. పెద్దమనిషిని మోస్తది."

రోడ్డు మీద నేను చూసింది అదేనన్నమాట. కానీ అక్క ఊరుకోలేదు. మహబూబాబాద్‌లో ఎవరో గుర్రం అమ్ముతున్నారని, దగ్గరిదే ముందు చూద్దామని కారు అటు తిప్పించింది.

అది పెళ్లి ఊరేగింపుల్లో ఆడే బరాత్ గుర్రం. తెల్లది, అందమైనది. మెడ వంచి నిలబడితే ఎవరికైనా ముద్దొస్తుంది. నేను డాక్టరు చెప్పినట్టు కింది నుంచి చూశాను. కాళ్లు సన్నం, నడుము పొడుగు. అమ్మేవాడు మాత్రం "దీని ఆట సూడుండ్రి" అని ఫోన్‌లో డప్పు పాట పెట్టాడు. గుర్రం ముందు కాళ్లు ఎత్తి ఎత్తి ఆడటం మొదలుపెట్టింది. పక్కనే మిర్చి బస్తాలు మోసే హమాలీలు పని ఆపి చుట్టూ చేరారు.

"పెండ్లికొడుకు ఈ బాపేనా?" అన్నాడొకడు.

"మరి పెండ్లికూతురేదీ?" అన్నాడింకొకడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వేరే రోజైతే ఇద్దరికీ గడ్డి పెట్టేవాణ్ణి. కానీ పెండ్లికూతురేదీ అనగానే నా తల దానంతటదే వెనక్కి తిరగబోయింది. ఇదిగో అని చూపిద్దామని. మెడ బిగబట్టుకుని ఆపుకున్నాను. గుర్రం వద్దని చెప్పి, గబగబా వచ్చి కారెక్కాను. కారులో కూడా ముందు సీట్లో కూర్చున్నాను. దారి పొడుగునా అక్క వెనక నుంచి నన్ను చూస్తూనే ఉంది.

తర్వాతి వారం మహదేవపూర్ పోయాం. వరి కోసిన మళ్లలో కాపరుల గుడారాలున్నాయి. ఎరువు కోసం రైతులే పిలిచి మందను తోలించుకుంటారు. గుర్రాల సంగతి అడిగితే ఒక ముసలవ్వ లేచి వచ్చింది. ఆ గుంపుకు ఆమే పెద్దదిక్కు. ఏటా ఇటు వస్తుంది కాబట్టి మా మాటే మాట్లాడుతుంది. అమ్మడానికి ఒకటుందని చెప్పి, జేగురు రంగు గుర్రాన్ని విప్పి తెచ్చింది.

చూడగానే నచ్చింది. పొట్టిది, వెడల్పు ఛాతీ, పీపాలాంటి పొట్ట. మోకాలి కింద పట్టి చూస్తే ఎముక నా పిడికిట్లో ఇమడలేదు. గిట్టల్లో పగుళ్లు లేవు. రాళ్ల మీద నడిపించమంటే చూసి చూసి అడుగు వేసింది. ప్రాజెక్టు పనుల లారీ ఒకటి పక్కనుంచే హారన్ కొడుతూ పోయింది, అది చెవి మాత్రం కదిపింది. అక్క దగ్గరికి వచ్చి దాని మెడ మీద చెయ్యి వేసింది. అంటే ఆమెకూ నచ్చింది.

ముసలవ్వ నన్ను కింది నుంచి మీదికి చూసి, "మీద ఎవలెవలు ఎక్కుతరు పటేలా?" అంది.

"ఇద్దరం" అన్నాను.

నోరు జారిందని వెంటనే తెలియలేదు. అక్క చెయ్యి గుర్రం మెడ మీద ఆగిపోయింది. ముసలవ్వ అక్కను చూసి, ఈమె కాదులే అనుకున్నట్టుంది, నా వెనక్కి చూసింది, కారు వైపు చూసింది.

"రెండో మనిషేది? జర పిలువు. బరువు సూడాలె గద."

ఆమె నిమ్మళంగా చెప్పుకుపోయింది. "ఇద్దరికైతె దీన్ని ఇయ్య. దీని నడుము ఒక్కరికే. రోజూ ఇద్దరెక్కితె ఎండకాలం దాటది. నా చేతుల పుట్టింది, దాన్ని నేను సంపుకోను. నిజం జెప్పు పటేలా. ఒక్కరా, ఇద్దరా?"

ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కర్మ రోజున అయ్యగారు చెప్పిందానికల్లా తలాడించాను, ఓదార్చడానికి వచ్చినవాళ్లకు తలాడించాను, ఆమె పోయిందన్న మాట మాత్రం నా నోటితో అనలేదు. అనకుండా ఇంత దూరం వచ్చాను. నా చేతి కింద ఆ గుర్రం ఊపిరి పీలుస్తుంటే అబద్ధం చెప్పలేకపోయాను.

"లేదవ్వా. నా భార్య సచ్చిపోయింది. ఒక్కన్నే" అన్నాను.

నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గందుకా తమ్మీ గుర్రం? గందుకేనా బండి మూలకు పెట్టినవ్?" అంది. అవునన్నాను. అంతే, చిన్నపిల్లలా ఏడ్చేసింది. నాకూ కళ్లు ఆగలేదు.

ముసలవ్వ గుడారంలోంచి గొంగడి తెచ్చి మడత పెట్టి గుర్రం మీద పరిచింది. గట్టు పక్కకు తెచ్చి నిలబెట్టి, "ఎక్కు, సూద్దాం" అంది. గట్టు మీంచి కాలు వేసి ఎక్కాను. గుర్రం ఒక్కసారి కాళ్లు సర్దుకుని నిలబడింది. భయపడినంత ఏమీ లేదు. ఆమె పగ్గం పట్టుకుని నాలుగడుగులు నడిపించి ఆపేసింది.

"మెడ మీదికెక్కి కూసున్నవేంది? గట్ల కూసుంటె దాని భుజాలు ఒరుసుకపోయి పుండ్లయితయ్. ఎన్కకు జరుగు. దాని బలం ఆడున్నది."

అప్పుడు తిరిగి చూశాను. బండి మీద కూర్చున్నట్టే ముందుకు జరిగి కూర్చున్నాను. వెనక ఒక మనిషికి సరిపడా గొంగడి ఖాళీగా ఉంది. కుంగలేదు, ఎక్కడా ముడత కూడా పడలేదు. అక్కడ ఎవరూ లేరు.

అయినా జరగలేకపోయాను. అది ఆమె చోటు. నేను జరిగితే ఆమె ఎక్కడ కూర్చుంటుంది? జరగకపోతే, నన్ను మోస్తున్న ఈ మూగజీవం భుజాలు పుండ్లు పడతాయి. ముసలవ్వ తొందరపెట్టలేదు. అక్క దూరంగా నిలబడి ముఖం తుడుచుకుంటోంది. గుర్రం నా బరువు కింద ఓపికగా నిలబడి ఉంది.

జూలు పట్టుకుని, మెల్లగా వెనక్కి జరిగాను. ఎండకో, గుర్రం ఒంటికో, అక్కడ వెచ్చగా ఉంది.