టైరుకు సభ్యత్వం

పటాన్‌చెరు లారీ ఓనర్ల సంఘానికి కంప్యూటర్ వచ్చిన రోజు దానికి పూజ చేశారు. కొత్త లారీకి ఎలా చేస్తారో అలాగే చేశారు, వాళ్లకు ఇంకో రకం పూజ తెలియదు కాబట్టి. తెర మీద పసుపు గీతలు గీసి మధ్యలో కుంకుమ అద్దారు. కొబ్బరికాయ కొడితే నీళ్లు కీబోర్డు మీద పడకుండా నేను నా చొక్కా చెంగు అడ్డం పెట్టాను. ఇక నిమ్మకాయలు తొక్కించాలి. కంప్యూటర్‌కు చక్రాలు లేవన్న విషయం అప్పుడు బయటపడింది. కాసేపు చర్చ జరిగాక, కింద చక్రాలున్న కుర్చీలో నన్ను కూర్చోబెట్టి ఇద్దరు వెనక నుంచి తోసి నిమ్మకాయల మీదుగా పోనిచ్చారు. మా సంఘంలో కంప్యూటర్ యుగం ఆ విధంగా మొదలైంది.

అప్పటికి నేను సంగారెడ్డిలో ఒక కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి, జోగిపేటలోని చుట్టాలందరికీ 'సాఫ్ట్‌వేర్' అని చెప్పుకుంటున్నాను. పెళ్లిళ్లలో నన్ను చూపించి మా వాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఆ సాఫ్ట్‌వేర్ లారీల అడ్డా మీద, రేకుల గదిలో, డీజిల్ వాసన మధ్య ఉందని వాళ్లకు చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు.

సంఘం అధ్యక్షుణ్ని అందరూ సేటు అనేవారు. వాళ్లది ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. ఆయనకు నాలుగు లారీలు ఉన్నాయి గాని ఒక్కదాని స్టీరింగు కూడా పట్టుకుని ఎరగడు. అడ్డా మీద గొడవలన్నిటికీ కారణం మనుషులు కాబట్టి, మనుషుల బదులు కంప్యూటర్ పెడితే గొడవలు ఉండవని ఆయన సిద్ధాంతం. ఆయన చెప్పిన రూల్సన్నీ వరుసగా రాసుకుని నేను ప్రోగ్రాం చేశాను. సభ్యుడి పేరు, ఊరు, లారీ నంబరు, ఫిట్‌నెస్ ఎప్పటివరకు, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు. అన్నిటికన్నా ముఖ్యం, వంతు.

పాశమైలారం ఫ్యాక్టరీల లోడ్లు సంఘం ద్వారానే పోయేవి. సభ్యుల లారీలు అడ్డా మీద వరుసగా నిలబడేవి, ముందున్న బండికి ముందు లోడు. ఉన్నవాళ్లకే లోడ్లు చాలడం లేదని కొత్త సభ్యత్వాలు ఎప్పుడో ఆపేశారు. అంటే ఒకసారి సభ్యత్వం పోతే మళ్లీ రాదు. సభ్యత్వం లేని లారీని ఫ్యాక్టరీ గేటు దగ్గర కుక్క కూడా చూడదు. అలాంటి చోట సేటు కొత్త రూలు ఒకటి పెట్టించాడు: మూడు నెలలు అడ్డాకు రాని బండి ఓనరును కంప్యూటర్ దానంతటదే తీసేయాలి. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. పోయేది పక్కవాడు అని ప్రతి ఒక్కరికీ గట్టి నమ్మకం.

మొదటిసారి నెల ఆఖరున కంప్యూటర్ ఒకే ఒక్కణ్ని తీసేసింది. గుమ్మడిదల వైపు మనిషి. సొంత బండి, సొంతంగానే నడుపుకుంటాడు. ఏళ్ల తరబడి యాసిడ్ డ్రమ్ములు మోసి మోసి ఆ లారీ బాడీ చిల్లులు పడిపోయింది. కొత్త బాడీ కట్టించడానికి మూడు నెలల కింద సంగారెడ్డిలోని షెడ్డులో పెట్టాడు. తన పేరు తీసేశారని తెలిసిన మర్నాడే అతను వచ్చి, భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరిచి కూర్చున్నాడు. నా ముందు కాదు, సేటు ముందు కాదు. కంప్యూటర్ ముందు.

"నేను లైన్లకెళ్లి ఎన్నడు పోలే. బయటికి పోయి సూడు తమ్మీ, ఆడనే ఉన్న" అన్నాడు.

బయటికి వెళ్లి చూశాను. రెండు లారీల మధ్య, ఒక లారీ పట్టేంత చోటులో, ఒక అరిగిపోయిన టైరు నిలబెట్టి ఉంది. దాని మీద తెల్లరంగుతో అతని బండి నంబరు.

అడ్డా మీద అది పాత పద్ధతట. బండి షెడ్డుకు పోతే దాని చోట టైరు పెట్టి పోతారు. లైను జరిగినప్పుడల్లా వెనక బండి క్లీనరు ఆ టైరును కూడా ముందుకు దొర్లిస్తాడు. నేను రోజూ ఆ టైరు పక్క నుంచే ఛాయ్‌కు పోయేవాణ్ని. ఎవడో మరిచిపోయాడనుకున్నాను. మరి ఇన్ని రూల్సు చెప్పి ఇది ఎందుకు చెప్పలేదని సేటును అడిగితే ఆయన నన్ను జాలిగా చూశాడు.

"గది రూల్ గాదు గద. గది అందరికి తెల్సిందే."

మీటింగు పెట్టారు. లోడ్ల కంటే మీటింగులకే మా సంఘంలో హాజరు ఎక్కువ. టైరు సభ్యుడైతే ఇక కంప్యూటర్ ఎందుకని సేటు అడిగాడు. పొట్ట పెద్దగా ఉన్న ఒక ఓనరు లేచి, ఇయ్యాల టైరంటే రేపు స్టెప్నీ అంటారు, ఎల్లుండి నట్లు బోల్టులు కూడా లైన్లో నిలబడతాయని గట్టిగా వాదించాడు. ఆ రోజు నుంచి అతని పేరు స్టెప్నీ అయింది. గుమ్మడిదల మనిషి కళ్లనీళ్లు పెట్టుకుని, తన పాణం పోయినా టైరు తీయనన్నాడు. దాన్ని తీయమని అప్పటిదాకా ఎవరూ అడగలేదని నేను గుర్తు చేశాను. అది ఎత్తాలంటే ఇద్దరు కావాలి, మీటింగులో అంత పని చేసేవాళ్లు లేరు.

చివరికి రాజీ కుదిరింది. టైరును కంప్యూటర్‌లో ఎక్కించాలి. కాని అది లైను ముందుకు వచ్చేనాటికి లారీ రాకపోతే సభ్యత్వం రద్దు, మళ్లీ మాట్లాడేది లేదు. సేటు ఈ రెండో మాట అన్నప్పుడు గుమ్మడిదల మనిషి తువ్వాల మడత పెట్టుకుని సంగారెడ్డి బస్సెక్కాడు.

నేను 'వాహనం రకం' అన్న చోట లారీ, మినీ లారీ పక్కన టైరు అని చేర్చాను. ఇంజను నంబరు లేనిదే నా ప్రోగ్రాం ఏ వాహనాన్నీ ఒప్పుకోదు. 'లేదు' అని కొడితే ఒప్పుకుంది. డ్రైవరు పేరు దగ్గర 'దొర్లిస్తే దొర్లుతుంది' అని రాశాను. వెంటనే ప్రింటరు కిర్రుమంటూ ఈ వాహనానికి ఫిట్‌నెస్ లేదని హెచ్చరిక కొట్టింది. టైరు మీద ఒక్క గీత మిగలకుండా గుండు కొట్టినట్టు ఉంది. నా సాఫ్ట్‌వేర్ చెప్పిన మొదటి నిజం అదే అనుకుంటాను.

ఆ తర్వాత గుమ్మడిదల మనిషి పొద్దున షెడ్డుకు పోవడం, సాయంత్రం అడ్డాకు వచ్చి నివేదిక ఇవ్వడం. కట్టె రాలేదు. కట్టె వచ్చింది, వెల్డరు చెల్లెలి పెళ్లికి బీహారు పోయాడు. షెడ్డు మేస్త్రీని ఎప్పుడడిగినా 'రేపు' అంటున్నాడు. అతను చెబుతుంటే బస్సులో పోయినవాడిలా కాదు, యుద్ధానికి పోయి వచ్చినవాడిలా ఉండేది.

"అన్నా, ఈ నెల నీ లారీకంటె నీ టైరే ఎక్కువ దూరం పోయింది" అన్నాను ఒకరోజు.

అతను నవ్వలేదు. టైరు ముందు ఎన్ని బండ్లు ఉన్నాయో చూసి వచ్చాడు. రెండు.

మర్నాటికి ఒక్కటే. ఆ ఒక్కటీ స్టెప్నీది.

స్టెప్నీకి లోడు చీటీ కొట్టి ఇచ్చాను. అతను చీటీ చూసి, బయటికి పోయి టైరు చూసి, మళ్లీ వచ్చాడు. ఇయ్యాల అమాస, బండి కదలదన్నాడు. సేటు గోడకున్న క్యాలెండరు చూసి అమావాస్య పోయి చాలా రోజులైందన్నాడు.

"మా ఊర్లె ఇయ్యాలనే."

లోడు మర్నాటికి ఆపమని ఫ్యాక్టరీకి ఫోన్ చేశాం. మర్నాడు పొద్దున స్టెప్నీ లారీ బానెట్ ఎత్తి ఉంది. క్లచ్చు పని చేయడం లేదట. ఫ్యాక్టరీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. సేటు పరేషాన్. స్టెప్నీ బానెట్ నీడలో ముక్కాలి పీట వేసుకుని ఛాయ్ తాగుతున్నాడు. చేతికి చుక్క గ్రీజు అంటలేదు, తెల్ల చొక్కా తెల్లగానే ఉంది. వెనక ఉన్న ఓనర్లలో ఒక్కడూ, జల్దీ చెయ్, మాకు లేట్ అవుతుందనలేదు. మామూలు రోజుల్లో అర నిమిషం ఆలస్యమైతే హారన్లతో చెవులు పగలగొట్టే మనుషులు.

నేను పోయి అతని పక్కన నిలబడి, మీటింగులో అంతగా అరిచి ఇప్పుడు ఈ ప్రేమ ఏందన్నా అని అడిగాను.

"ప్రేమా? వానికోసమా?" అన్నాడు స్టెప్నీ. "గా పౌడర్ లోడు మస్తు గలీజు తమ్మీ. వారం దాంక బండి దగ్గుతది."

సరే అన్నాను. వారం కింద అదే పౌడరు లోడు కోసం అతను ఇంకో ఓనరు కాలరు పట్టుకున్న విషయం ఎత్తలేదు.

మధ్యాహ్నానికి రోడ్డు మీద ఎర్రగా ఏదో కదిలింది. అది మా గుమ్మడిదల లారీ. రంగు వేయలేదు, అడుగున పూసే ఎర్ర పూతే ఉంది. నంబరు సుద్దముక్కతో రాసి ఉంది. ఒక పక్క తలుపు లేదు, ఆ పక్క నుంచి అతను లుంగీతో సహా పూర్తిగా కనబడుతున్నాడు. మేస్త్రీ 'రేపు' అంటుంటే వినకుండా ఎట్లున్నది అట్లనే తోలుకొచ్చాడట. బండి దిగి, తువ్వాల భుజాన వేసుకుని, సంఘాన్ని ఉద్దేశించి మాట్లాడడానికి గొంతు సవరించుకున్నాడు.

స్టెప్నీ బానెట్ ధన్‌మని మూశాడు. క్లచ్చు లేని ఆ లారీ ఒక్క తాళానికే స్టార్టయి, దుమ్ము లేపుకుంటూ పాశమైలారం దారి పట్టింది. ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయి, అతను దుమ్ముకు దగ్గడం మొదలుపెట్టాడు. తర్వాత టైరును తనే పక్కకు దొర్లించి ఆ చోట లారీ పెట్టాడు. లైను ముందు ఇప్పుడు అతనే.

సాయంత్రం అతనికి లోడు వచ్చింది. చీటీ తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని మళ్లీ తీసి చూసుకున్నాడు. కాసేపటికి ఫ్యాక్టరీ గేటు నుంచి ఫోన్. సెక్యూరిటీ అతను చీటీ చదివి చాలా మర్యాదగా అడుగుతున్నాడు: "భాయ్, ఇసమే గాడీ టైర్ లిఖా హై. టైర్ మే మాల్ కైసే భరేంగే?"

చీటీలో వాహనం రకం టైరు నుంచి లారీకి మార్చడం మరిచిపోయాను. టైరులో సరుకు ఎలా నింపాలో చెప్పలేక నేను తడబడుతుంటే సేటు రిసీవరు లాక్కున్నాడు.

"జెర టైర్ కే ఊపర్ దేఖో భాయ్. లారీ భీ హై."

టైరు పైకి చూస్తే లారీ కూడా కనబడినట్టుంది, లోపలికి పోనిచ్చారు. నేను కంప్యూటర్‌లో టైరు అన్న మాట తీసేయబోతే సేటు నా చెయ్యి పట్టి ఆపాడు. స్టెప్నీ బండి వచ్చే వారం షెడ్డుకు పోతుందట.

"నిజంగనే క్లచ్ పోయిందంట" అన్నాడు సేటు. "టైర్ ఇప్పుడే పంపిస్తనంటుండు."