పాటిమన్నులో ఏనుగు

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా, ఇటు దోర్నాల, అటు కొమరోలు, ఈ నేల మీద రెండు వేల ఏండ్లలో ఎవరెవరు రాజ్యం చేసినారో వాళ్లందరి నాణేలూ నా ఇంట్లో ఉన్నాయి. శాతవాహనులు, ఇక్ష్వాకులు, చోళులు, విజయనగరం రాయలు, గోల్కొండ నవాబులు, ఒక్కరు తప్పిపోలేదు. కండ్లు మూసుకుని వేలితో తడిమితే చాలు, ఏ రాజుదో చెప్పేస్తా. మ్యూజియంలో అద్దం వెనక పెట్టినవాటికంటే నా దగ్గరున్నవే మేలని ఒక పెద్ద చదువుల సారు నా ఎదుటే ఒప్పుకున్నాడు.

ఈ మాట చాలామందికి చెప్పినాను. టీ కొట్టు దగ్గర చెప్పినాను, పెండ్లిపందిట్లో చెప్పినాను, కంటి ఆపరేషనుకు పోయినప్పుడు డాక్టరమ్మకు కూడా చెప్పినాను. ఇక్కడ కూడా అదే రాసి ఊరుకుందామనుకున్నా. కానీ ఇది నేను కోపంతో రాస్తున్నది. కోపంలో కోతలు కోస్తే కోపాన్ని కూడా ఎవరూ నమ్మరు. అందుకని ముందుగా ఆ కోతలు కొంత దించుకుంటా.

నా దగ్గరున్నది ఒక బలపాల పెట్టె. మార్కాపురంలో పలకలకూ బలపాలకూ కరువు లేదు కాబట్టి పెట్టె ఊరికే దొరికింది. అది కూడా నిండలేదు. ఉన్నవాటిలో సగానికి పైన దొరల కాలపు కానులు, దమ్మిడీలు. ఇక్ష్వాకులది ఒక్కటీ లేదు. గోల్కొండది అని నేను చెప్పుకునే రాగిబిళ్లను మా వీధిలోని ఉర్దూ మాస్టారు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నవాబులదో పాత బీగానికి ఊడిన బిళ్లో తేల్చలేనన్నాడు. రాయలవారి బంగారు వరహా అని దోర్నాలలో, శ్రీశైలం బస్సులు ఆగే హోటలు పక్కన ఒకడి దగ్గర కొన్నది, ఆ వానాకాలమే పచ్చగా చిలుం పట్టింది. పెద్ద చదువుల సారు వచ్చింది నిజమే. బస్సుకు టైమయిందని నిలబడే చూసి, "బాగున్నాయి తాతా" అని పోయినాడు. మిగతాది నేను కలుపుకున్నా.

నేను బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. పల్లెల్లో ముసలమ్మలు చెంగుముడి విప్పి చిల్లర పోస్తే, అందులో చెల్లని పాత పైసా ఒకటి కలిసి వచ్చేది. తోటి కండక్టర్లు తిట్టుకుని కిటికీలోంచి విసిరేవాళ్లు. నేను జేబులోంచి సరిపెట్టి ఆ పైసా దాచుకునేవాణ్ణి. తరువాత కొనడం కూడా మొదలుపెట్టినా. నా బడ్జెట్టు అంటే నేను మానేసిన సిగరెట్లే. ఇంట్లో మాత్రం ఆరోగ్యం కోసం మానేసినానని చెప్పుకున్నా. నా భార్య మురిసిపోయి, బావను చూసి నేర్చుకోమని తన తమ్ముడికి బుద్ధి కూడా చెప్పింది. ఆ తమ్ముడి గురించే ఈ కోపమంతా. వాడి దగ్గరికి వస్తా.

తక్కువ ఖర్చులో ఈ పని చేసేవాడికి శత్రువులు ఎక్కువ. మొదటి శత్రువు చింతపండు. కొమరోలు దగ్గర ఒక ఊర్నుంచి ఒకామె ఫోను చేసింది. ఇంటి పునాది తవ్వుతుంటే బిళ్ల దొరికింది, వచ్చి చూడన్నా అని. రెండు బస్సులు మారి, ఎండలో నడిచి పోయినా. చుట్టమొస్తున్నాడని చెంబు తోమినట్టు, ఆ బిళ్లను చింతపండూ ఇటుకపొడీ వేసి తోమిపెట్టింది. అద్దం మాదిరి మెరుస్తా ఉంది. దాని మీద ఏమీ లేదు.

"దీని మీద బొమ్మ ఏమన్నా ఉండిందా తల్లీ?"

"ఉండింది కదన్నా. ఎవురో మనిషి మాదిరి. ఆ మురికంతా పోయేదాక రుద్దినా, చేతులు నొప్పులు పుట్టినాయి."

వెయ్యేండ్లు మన్నులో చెక్కుచెదరకుండా ఉన్న మనిషి, నేను వస్తున్నానని తెలిసినందుకు పోయినాడు. ఆమె ఇచ్చిన టీ బాగుంది. అందుకే ఇంకా కోపమొచ్చింది. తిట్టేదానికి కూడా నోరు రాకుండా చేసింది.

రెండో శత్రువులు, బియ్యపు గింజల్ని గుంజుకునే రాగిబిళ్ల ఎక్కడో ఉందని, దొరికితే కోట్లు వస్తాయని తిరిగేవాళ్లు. అట్లాంటివాళ్లు ఒకసారి కారేసుకుని మా ఇంటికే వచ్చినారు. నా బిళ్లలన్నీ బల్ల మీద పరిచి, చుట్టూ గింజలు పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నేను లేచి మెల్లగా ఫ్యాను వేసినా. గింజలు కదిలినాయి. వాళ్ల మొహాలు చూడాల. వాళ్లలో ఒకడు నా కాళ్లకు దండం కూడా పెట్టినాడు. ఫ్యాను ఆపినాక, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ నన్ను తిట్టినారు. తిట్టనీ. ఇట్లాంటివాళ్ల దెబ్బకు పల్లెల్లో పాత రాగిపైసా ఎవడి దగ్గరున్నా వాడు కోటీశ్వరుణ్ణి అనుకుంటున్నాడు. నాలాంటివాడు చేయి చాపి చూడను కూడా లేకుండా పోయింది.

ఇవన్నీ చిన్న కోపాలు. పెద్ద కోపం మా బామ్మర్ది మీద.

బేస్తవారిపేట నుంచి లోపలికి పోయే దారిలో నా భార్య పుట్టిన ఊరు ఉంది. అక్కడ మా బామ్మర్ది చేను చివర పాటిదిబ్బ. పాటిదిబ్బ అంటే ఎప్పుడో పాడుబడిన పాత ఊరు. ఇండ్లు కూలి, పొయ్యిలోని బూడిద, పెంట, కుండపెంకులు, ఎముకలు అన్నీ కలిసి మన్నయి, చిన్న గుట్ట మాదిరి మిగిలింది. ఆ బూడిదరంగు మన్నుకు ఎరువుకున్న సత్తువ ఉంటది. దిబ్బ మా బామ్మర్ది వాళ్ల పట్టాలోనే ఉన్నా మన్ను మాత్రం ఊరందరిదీ. రైతులు బండ్లతో తోలుకునేవాళ్లు. చర్చి పక్క పాలెంవాళ్లు తమకున్న కొద్దిపాటి నేల చెక్కలకు గంపలతో మోసుకునేవాళ్లు. ఎండాకాలంలో, తొలివాన పడేలోపల, అది కూడా అంచునుంచి మాత్రమే. నడిదిబ్బలో పార వేసేవాళ్లు కాదు. ఎందుకని అడిగితే, "పాత ఊరోళ్లు పండుకుని ఉంటారు నాయనా, వాళ్ల నెత్తిన తవ్వేదెందుకు" అనేది మా అత్త. ఎన్ని తరాలు తవ్వినా దిబ్బ తరగనట్టే ఉండేదంటే ఈ కట్టుబాటు వల్లనే.

తొలివాన పడినాక ఆ మన్ను చల్లిన చేలల్లో నడవాల. చినుకులకు మన్ను కరిగి పెంకులూ, పూసలూ, ఎప్పుడన్నా ఒకసారి బిళ్లా పైకి కనపడతాయి. నా దగ్గరున్న ఒకే ఒక్క నిజమైన ప్రాచీన నాణెం అట్ల దొరికిందే. విత్తనం వేయను వచ్చిన పాలెం ఆడమనిషి తెచ్చి నా చేతిలో పెట్టి, "వలకు కట్టే సీసం బిళ్ల ఈడికెట్లొచ్చింది మామా, మన చేన్లో చేపలున్నాయా ఏంది" అని నవ్వింది. సీసమే. ఒకవైపు తొండమెత్తిన ఏనుగు. రెండో వైపు కూడిక గుర్తు, దాని నాలుగు కొసలకూ నాలుగు సున్నాలు. శాతవాహనుల బిళ్ల. నా చేతిలోని వేరుశనగల పొట్లం ఆమెకిచ్చినా. ఇద్దరమూ ఎదుటివాళ్లు మోసపోయినారనే అనుకున్నాం.

ఎవడో ఒకడు రెండు వేల ఏండ్ల కిందట ఈ ఏనుగును ఇచ్చి ఉప్పో నూనో కొన్నాడు. మిగతా చిల్లర సరిగా ఇచ్చినారో లేదో. కండక్టరుకు ఇట్లాంటి ఆలోచనలే వస్తాయి. ఆ మనిషి ఇల్లు, పొయ్యి, దుకాణం అన్నీ ఆ దిబ్బలో ఉన్నాయి కదా అనుకుంటా దాని చుట్టూ తిరిగి వచ్చేవాణ్ణి.

అట్లాంటి దిబ్బను మిషను పెట్టి మింగినారు. బేస్తవారిపేట రోడ్డు పక్కన ప్లాట్ల వెంచరు వేసినారు. నేల పల్లం. పూడ్చను మన్ను కావాల. వెంచరోళ్లు జేసీబీని తెచ్చి నేరుగా నడిదిబ్బలో దించినారు. మా బామ్మర్ది గట్టున నిలబడి టిప్పర్లకు దారి చూపించినాడు. ఒక ఊరిని ఊరుగా ఎత్తి పల్లంలో పోసినారు. మీద ఎర్రమన్ను చల్లి, తెల్లరాళ్లు పాతి, ముందర ఆర్చి కట్టి, దానికి అటొకటి ఇటొకటి సిమెంటు ఏనుగుల్ని నిలబెట్టినారు. వాటికి వీపు మీద ముఖమల్లు గుడ్డ మాదిరి రంగు కూడా వేసినారు. నా దగ్గరున్నదాని మాదిరి సీసపు ఏనుగులు ఆ కాళ్ల కింద ఎన్ని పడి ఉన్నాయో, చెప్పగలిగినవాడు పుట్టలేదు.

తట్టుకోలేక ఒకరోజు ఆ ప్లాట్లలోకి పోయి, వంగి పెంకులు ఏరుకుంటా ఉన్నా. వాచ్‌మన్ వచ్చినాడు.

"ప్లాటు చూస్తున్నారా పెద్దాయనా? తూర్పు ముఖానివి రెండే ఉన్నాయి."

"ప్లాటు నువ్వే ఉంచుకో. దాని కిందిది నాకియ్యి."

"కింద ఏముంది?"

"మీ తాతలు."

వాడు నాకు మంచినీళ్లు తాపించి, నీడలో కూర్చోబెట్టి, ఇంటికి ఫోను చేయమంటావా అని అడిగినాడు. పిచ్చివాణ్ణి అనుకున్నాడని ఆటో ఎక్కినాక గాని తట్టలేదు.

అప్పుడు తాసిల్దారు ఆఫీసుకు పోయినా, పాత ఊరిని కాపాడమని అర్జీ ఇద్దామని. దీని గురించి నేను ఊర్లో చెప్పిన మాట, అధికారుల ముందర బల్ల గుద్ది మాట్లాడినానని. గుద్దలేదు. అక్కడున్న అమ్మాయి అర్జీ చదివి మర్యాదగానే అడిగింది, "అక్కడ పాత వస్తువులున్నాయని మీకెట్ల తెలుసు సార్? ఏమన్నా దొరికినాయా?" అని. దొరికినవి దొరికినట్టు సర్కారుకు అప్పజెప్పాలని నాకు తెలుసు. ఏనుగు నా చొక్కా జేబులోనే ఉంది, చూపించి మెప్పిద్దామని తెచ్చుకున్నా. జేబు మీద చేయి పెట్టుకుని, "పెద్దలు చెప్పుకునేవాళ్లమ్మా" అన్నా. పెద్దలు చెప్పుకున్నది చాలదు, ఏదన్నా చూపిస్తే పైకి రాస్తామంది. మళ్లీ వస్తానని చెప్పి వచ్చేసినా. పోలేదు. ఏనుగును ఇస్తే దిబ్బ దక్కేదేమో. ఆ మాట తలచుకున్నప్పుడల్లా మా బామ్మర్ది మీద కోపం రెండింతలయ్యేది.

మొన్న నా భార్య ఫోను పెట్టేసి చెప్పింది, దిబ్బలో మిగిలిన ఉత్తరపు మూలకు కూడా రేపు టిప్పర్లు వస్తున్నాయంట అని. తెల్లారి మొదటి బస్సుకు పోయినా.

మా బామ్మర్ది చేన్లో బోరు దగ్గర స్టార్టరు డబ్బా విప్పుకుని కూర్చోనున్నాడు. రెండు బోర్లు ఎండిపోయి, మూడోది దగ్గుతా ఉంది. మిరపతోట వాడుముఖం పట్టింది.

"ఏం బావా, చెప్పాపెట్టకుండా దిగినావు. అక్క తరిమేసిందా ఏంది?"

"ఆ మూల అట్లనే ఉండాలరా."

"ఉండి?"

"మీ తాతలు అంచు దాటి పార వేసినారా ఎప్పుడన్నా?"

"మా తాతల బాయిలో నీళ్లుండె. కావాల్నంటే తొంగి చూడు, ఇప్పుడు దాంట్లో తొండలున్నాయి. నీ బిళ్లలు అమ్మి నాకు బోరు వేయించు బావా, దిబ్బకు కంచె వేసి నిన్ను కావలి పెడతా."

"అమ్మితే ఏమొస్తుంది, సగం దమ్మిడీలే."

"అట్లనా? పోయిన పెండ్లిలో రాయలవారి బంగారం అంటివే."

టిప్పరు డ్రైవరు, పక్క చేనువాళ్లు ఇద్దరు అప్పటికే గట్టు మీదికి చేరినారు. నవ్వినారు. నాలుక మీదికి వచ్చినదంతా అన్నా. ఊరిని అమ్ముకున్నావంటి. మీ అమ్మ బతికి ఉంటే గడప తొక్కనిచ్చేది కాదంటి. "ఆ వెంచరోళ్లు మిషను తెచ్చి నడిదిబ్బలో దించిన రోజే మగవాడివయితే అడ్డం నిలబడాల్సింది. దారి చూపించినావు. పరాయివాడు వచ్చి మీ నెత్తిన తవ్వుతుంటే చేతులు కట్టుకుని చూసినావు" అంటి.

వాడు అంతవరకూ నవ్వుమొహంతోనే ఉన్నాడు. కటింగ్‌ప్లేయరు డబ్బా మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని లేచినాడు. గొంతు కూడా పెంచలేదు.

"పరాయివాడు కాదు బావా. జేసీబీని గిద్దలూరు నుంచి బాడిగకు పిలిపించింది నువ్వు. అంచు మన్నులో బిళ్లలు లేవు, నడిమధ్యన ఉంటాయి, తోడించి చేను నిండా పరిస్తే వానకు పైకొస్తాయని నా ఇంట్లో కూర్చుని ప్రాణం తీసినావు. నేను ఒప్పుకోకపోతే అక్క చేత చెప్పించినావు. ఆ గుంత చూసినాకనే వెంచరోళ్లు వచ్చి మన్ను బేరం అడిగింది. మూల కావాల్నంటే వదిలేస్తా, తీసుకో. కానీ మిషను వాళ్లు తెచ్చినారని ఇంకొక్కసారి ఎక్కడన్నా చెప్పినావంటే, ఆ మూల నేనే తవ్వి పంపిస్తా."